మూడు వేల మంది తాగేసిన సౌండ్

పోయినేడాది మా కాలేజీ ఫెస్ట్‌లో మా బ్యాండ్ వాయించింది. బాలేదని ఎవరూ అనలేదు. అసలు వినపడలేదన్నారు. బాలేదంటేనే నయం అనిపించింది నాకు.

మధ్యాహ్నం మూడింటికి సౌండ్ చెక్ చేసినప్పుడు ఆడిటోరియం ఖాళీగా ఉంది. ఒక్క తీగ మీటితే హాలంతా ఖంగుమంది. "రేయ్, కొంచెం తగ్గించరా, చెవులు పోతున్నాయి" అన్నాడు మా డ్రమ్మర్. సాయంత్రం ఏడింటికి హాలు నిండిపోయింది. అదే గిటార్, అదే ఆంప్, నాబ్ కూడా అదే అంకె మీద ఉంది. కానీ వాయిస్తుంటే పక్కింట్లో రేడియో మోగుతున్నట్టుంది. చివరి వరసల్లో వాళ్ళు కబుర్లు మొదలుపెట్టారు. పాట ఎప్పుడు అయిపోయిందో కూడా వాళ్ళకి తెలిసినట్టు లేదు.

స్టేజి దిగాక, సౌండ్ సిస్టమ్ తెచ్చిన అన్న వైర్లు చుట్టుకుంటూ ఒకటే మాటన్నాడు. "సౌండ్‌ని జనం తాగేస్తారు తమ్ముడూ. ఖాళీ హాల్లో విని నమ్మకూడదు."

ఆ మాట పట్టుకుని చదువుతూ పోతే ఒక ఆల్బమ్ దగ్గరికి వచ్చి ఆగాను. సరిగ్గా ఇదే సమస్యతో 1961లో అమెరికాలో ఒక కుర్రాడు తల పట్టుకున్నాడు. ఆ గొడవలోంచి ఒక కొత్త ఆంప్లిఫయర్, ఒక కొత్త సంగీతం రెండూ పుట్టాయి. ఆ కుర్రాడి పేరు డిక్ డేల్. ఆల్బమ్ పేరు సర్ఫర్స్ చాయిస్. 1962 నవంబరులో వచ్చింది. సర్ఫ్ రాక్ అనే జాతి సంగీతంలో మొదటి ఆల్బమ్‌గా చాలామంది దీన్నే చెబుతారు.

"నాకు తెలీదే" అనకండి, మీకు తెలుసు. బ్లాక్ ఐడ్ పీస్ వాళ్ళ పంప్ ఇట్ మీద మన ఫెస్టుల్లో ఎన్ని డ్యాన్సులు చూడలేదు? దాని మొదట్లో తేనెటీగల గుంపు మీదకొచ్చినట్టు దూసుకొచ్చే గిటార్ డిక్ డేల్‌దే. ఆ ట్యూన్ పేరు మిసర్లూ.

సముద్రం పక్కన ఒక డ్యాన్స్ హాలు

డేల్ అసలు పేరు రిచర్డ్ మన్సూర్. 1937లో బోస్టన్‌లో పుట్టాడు. నాన్నది లెబనాన్ నుంచి వచ్చిన కుటుంబం. 1954లో ఇంటిల్లిపాదీ దక్షిణ కాలిఫోర్నియా చేరారు. నాన్న విమానాల కంపెనీలో మెషినిస్టు. కొడుకు అక్కడే సర్ఫింగ్ నేర్చుకున్నాడు. సర్ఫింగ్ అంటే, పొడవాటి పలక మీద నిలబడి అలతో పాటు ఒడ్డుకి జారుతూ రావడం. అప్పుడప్పుడే తేలికైన ఫోమ్ పలకలు రావడం, 1959లో గిడ్జెట్ అనే సినిమా ఆడటం, ఈ రెండిటితో అక్కడి కుర్రకారుకి సర్ఫింగ్ పిచ్చి పట్టింది.

న్యూపోర్ట్ బీచ్ దగ్గర బాల్బోవా అనే చోట రాండెవూ బాల్‌రూమ్ అని పాత డ్యాన్స్ హాలు ఒకటుండేది. ఒకప్పుడు పెద్ద పెద్ద బ్యాండ్లు వాయించిన చోటు. డేల్ 1961 వేసవిలో అక్కడ వాయించడం మొదలుపెట్టాడు. రాక్ సంగీతం అంటే ఊరి పెద్దలకి భయం కదా, మగపిల్లలు టై కట్టుకుని వస్తేనే పర్మిషన్ అన్నారట. సరేనని వీళ్ళు ఒక పెట్టె నిండా టైలు తెచ్చి గుమ్మం దగ్గర పంచారట. మొదటి రోజు వచ్చింది డేల్ సర్ఫింగ్ స్నేహితులు కొద్దిమందే, అదీ ఒట్టి కాళ్ళతో, మెడలో టైలతో. ఇది డేల్ చెప్పుకునే కథ. కొన్ని నెలలు తిరిగేసరికి హాలు నిండిపోయేది. సుమారు మూడు వేల మంది. నేల అదిరేలా కాళ్ళు కొట్టడమే వాళ్ళ డ్యాన్స్. దానికి స్టాంప్ అని పేరు.

ఇక్కడ మొదలైంది డేల్ కష్టం. వాయించేది మూడు వేల మందికి, చేతిలో ఉన్న ఆంప్ మాత్రం అంత హాలుకి చేసింది కాదు.

జనం సౌండ్‌ని ఎలా తాగుతారు?

దీనికి లెక్క ఉంది. 1895 ప్రాంతంలో హార్వర్డ్‌లో ఒక లెక్చర్ హాల్లో పాఠం అర్థం కావట్లేదని గోల వస్తే, వాలస్ సబీన్ అనే కుర్ర ఫిజిక్స్ లెక్చరర్‌ని చూడమన్నారు. పక్క థియేటర్లోంచి కుర్చీల మీది మెత్తలు తెప్పించి, కొన్ని కొన్ని పరుస్తూ, శబ్దం ఆరిపోవడానికి ఎన్ని సెకన్లు పడుతోందో ఆయన కొలిచాడు. తేలింది ఏంటంటే, హాలు ఘనపరిమాణం పెరిగితే శబ్దం ఎక్కువసేపు నిలుస్తుంది, పీల్చుకునే వస్తువులు పెరిగితే తొందరగా ఆరిపోతుంది. సమయం = 0.161 × ఘనపరిమాణం ÷ మొత్తం శోషణ. ఫస్టియర్ ఫిజిక్స్‌లో మనం మార్కుల కోసం బట్టీ పట్టిన సూత్రమే.

శోషణని సబీన్ 'తెరిచిన కిటికీ' లెక్కన కొలిచాడు. కిటికీలోంచి బయటికి పోయిన శబ్దం మళ్ళీ రాదు కదా. మనిషి ఒంటి మీది బట్టలు, మెత్తటి శరీరం కలిపి సుమారు అర చదరపు మీటరు తెరిచిన కిటికీతో సమానం. అంటే మూడు వేల మంది హాల్లోకి వస్తే, గోడలో 1500 చదరపు మీటర్ల కంత పెట్టినట్టే!

ఊహకి ఒక లెక్క వేద్దాం. ఖాళీ హాలు శోషణ 500 చదరపు మీటర్లు అనుకోండి. జనం వచ్చాక 2000 అవుతుంది. నాలుగు రెట్లు. హాలంతా తిరిగి మోగే శబ్దం 6 డెసిబెల్స్ పడిపోతుంది. దాన్ని మళ్ళీ పైకి తేవాలంటే ఆంప్ నాలుగు రెట్లు పవర్ ఇవ్వాలి. 10 వాట్లు చాలిన చోట 40 కావాలి. దీనికి తోడు మూడు వేల జతల కాళ్ళు నేలని కొడుతుంటే ఆ మోత మీదుగా గిటార్ వినపడాలి. చెవికి రెట్టింపు గట్టిగా అనిపించాలంటే సుమారు పది రెట్లు పవర్ పెంచాలి. మా ఫెస్ట్ రోజు మేం వీటిలో ఒక్కటీ ఆలోచించలేదు. ముగ్గురం ఈసీఈ వాళ్ళమే. చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది.

గిటార్ వాయించడం రాని గిటార్ మేస్త్రి

బాల్బోవాకి దగ్గర్లోనే ఫుల్లర్టన్ అనే ఊళ్ళో లియో ఫెండర్ ఉండేవాడు. ఆయన కంపెనీ చేసిన స్ట్రాటోకాస్టర్ గిటార్ ఇప్పటికీ ప్రపంచమంతా వాయిస్తోంది. చిత్రం ఏంటంటే ఆయన చదివింది అకౌంటింగ్. ఎలక్ట్రానిక్స్ సొంతంగా నేర్చుకుని రేడియోలు బాగు చేసుకుంటూ ఇక్కడి దాకా వచ్చాడు. గిటార్ వాయించడం ఆయనకి రాదు.

డేల్‌కి ఆయన గిటార్ ఇచ్చాడు, ఆంప్ ఇచ్చాడు, వాడి చూసి ఎలా ఉందో చెప్పమన్నాడు. డేల్ దాన్ని కాల్చేశాడు. మాట వరసకి అనడం లేదు, నిజంగానే. స్పీకర్లు చిరిగిపోయేవి, కొన్ని అంటుకునేవి కూడా. అలా నలభైకి పైగా ఆంప్‌లు పోయాయని డేల్ చెప్పేవాడు. ఫెండర్‌కి అర్థమయ్యేది కాదు. తన వర్క్‌షాప్‌లో పెట్టి వింటే అవి బ్రహ్మాండంగా మోగేవి. ఈ కుర్రాడికి ఇంత సౌండ్ ఎందుకు?

చివరికి ఒక రాత్రి తన సహచరుడు ఫ్రెడీ టవారెస్‌ని వెంటబెట్టుకుని ఫెండర్ రాండెవూ హాలుకి వచ్చాడట. జనం మధ్యలో నిలబడ్డాడు. అప్పుడు తెలిసింది ఆయనకి డేల్ ఇన్నాళ్ళూ ఏం మొత్తుకుంటున్నాడో.

నాకు ఈ కథలో నచ్చేది ఆ ఒక్క ఘట్టమే. టెస్ట్ బెంచ్ మీద పాసైన వస్తువు జనం మధ్యలో ఫెయిలైంది. అప్పుడాయన వాడేవాడిని తప్పుపట్టలేదు, వెళ్ళి వాళ్ళ మధ్య నిలబడి విన్నాడు.

తర్వాత పని చకచకా సాగింది. వాల్వులతో నడిచే ఆంప్‌లో చివర ఒక అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. వాల్వుల వైపు ఎక్కువ ఇంపిడెన్స్, స్పీకర్ వైపు చాలా తక్కువ. ఆ రెండిటినీ కలిపేది అదే. అది చిన్నదైతే వెనక ఎంత పవర్ ఉన్నా స్పీకర్ దాకా రాదు. దాన్ని పెద్దది చేశారు. 85 వాట్లు, పీక్‌లో 100 ఇచ్చేదని డేల్ చెప్పేవాడు. దాన్ని తట్టుకోడానికి జేబీఎల్ కంపెనీ 15 అంగుళాల స్పీకర్ పెట్టారు. అదే ఫెండర్ షోమాన్. తర్వాత రెండు స్పీకర్లతో డ్యూయల్ షోమాన్ వచ్చింది. ఈరోజు స్టేజి మీద కనిపించే పెద్ద గిటార్ ఆంప్‌లకి ఇవి పూర్వీకులు.

తలకిందుల గిటార్, చిన్నప్పటి డ్రమ్

సౌండ్ పెద్దదైనంత మాత్రాన కొత్త సంగీతం పుట్టదు కదా. రెండో సగం డేల్ చేతుల్లో ఉంది.

ఆయన ఎడమచేతి వాటం మనిషి. చిన్నప్పుడు కుడిచేతి వాళ్ళ గిటార్‌నే తిరగేసి పట్టుకుని నేర్చుకున్నాడు. తీగలు మార్చుకోవాలని చెప్పేవాళ్ళు లేరు. దాంతో లావు తీగలు కిందికి, సన్న తీగలు పైకి వచ్చాయి. తర్వాత జిమీ హెండ్రిక్స్ కూడా గిటార్ తిరగేశాడు గానీ తీగలు వరస మార్చి కట్టుకున్నాడు. డేల్ జీవితాంతం ఆ తలకిందుల వరసతోనే వాయించాడు. ఆ తీగలు కూడా మామూలువి కాదు. తాళ్ళలాంటి లావువి వాడేవాడు.

ఇక మీటే పద్ధతి. నాన్న వైపు బంధువు ఒకాయన ఊద్ వాయించేవాడు. అరబ్బు దేశాల తంతి వాద్యం అది. ఆయన దగ్గరే డేల్ చిన్నప్పుడు తరబాకీ అనే డ్రమ్ నేర్చుకున్నాడు. వేళ్ళతో గబగబా దరువు వేసే వాద్యం. పెద్దయ్యాక గిటార్ పట్టినప్పుడు కూడా చెయ్యి ఆ దరువు మర్చిపోలేదు. పిక్‌ని కిందికీ పైకీ ఆపకుండా కొడుతూ ఒక్కో స్వరాన్ని దరువులాగా మోగించాడు. అలల మీద ఉన్నప్పుడు ఒంట్లో పుట్టే ఊపుని గిటార్‌లోకి తేవాలని చూశానని ఆయన చెప్పేవాడు.

మిసర్లూ కథ కూడా అక్కడిదే. ఒక కుర్రాడు వచ్చి "ఒకే తీగ మీద పాట వాయించగలవా?" అని అడిగాడట. రేపు రమ్మని పంపేసి, ఇంటికెళ్ళి ఆలోచిస్తే చిన్నప్పుడు ఆ పెద్దాయన వాయించిన పాట గుర్తొచ్చింది. తూర్పు మధ్యధరా ప్రాంతంలో గ్రీకులు, అరబ్బులు, యూదులు, టర్కీ వాళ్ళు అందరూ మాదంటే మాదనుకునే పాట అది. మిసర్లూ అంటే ఈజిప్టు అమ్మాయి. నెమ్మదిగా సాగే ఆ ప్రేమ పాటని డేల్ విపరీతమైన స్పీడుకి లాగాడు.

ఇప్పుడు నేను ఉలిక్కిపడిన సంగతి చెప్తాను. మిసర్లూ నేర్చుకుందామని స్వరాలు కాగితం మీద రాసుకున్నాను. ఈ, ఎఫ్, జీ షార్ప్, ఏ, బీ, సీ, డీ షార్ప్. ఈ ని షడ్జమంగా పెట్టుకుని చూస్తే: శుద్ధ రిషభం, అంతర గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, శుద్ధ ధైవతం, కాకలి నిషాదం. అంటే మాయామాళవగౌళ! పదిహేనో మేళకర్త. సంగీతం క్లాసులో మొదటి రోజు సరళీ వరసలు మొదలుపెట్టేది దీంట్లోనే.

మిసర్లూ మాయామాళవగౌళ రాగంలో ఉందని నేను అనట్లేదు. రాగం అంటే గమకాలు, సంచారాలు చాలా ఉంటాయి. స్వరాలు మాత్రం అవే. నేను ఎనిమిదో తరగతి దాకా సంగీతం నేర్చుకున్నాను. తర్వాత ఐఐటీ ఫౌండేషన్ అన్నారు, మానేశాను. గిటార్ పట్టాక ఆ పాత క్లాసులన్నీ వేస్ట్ అనుకున్నాను, రాక్‌కీ దానికీ సంబంధం ఏముందని. ఆ రాత్రి మాత్రం హాస్టల్ రూములో గిటార్ ఒళ్ళో పెట్టుకుని మొదటి సరళీ వరస వాయించాను. ఒకటో కాలం, రెండో కాలం, మూడో కాలం. మూడో కాలానికి వచ్చేసరికి మా రూమ్మేట్ లేచి "ఏదో తెలిసిన పాటలా ఉంది, ఏంటది?" అన్నాడు.

ఆల్బమ్‌లో ఏముంది, ఏం లేదు

సర్ఫర్స్ చాయిస్‌ని విడుదల చేసింది పెద్ద కంపెనీ కాదు. డెల్‌టోన్ అని డేల్ నాన్న పెట్టిన సొంత లేబుల్. ఆల్బమ్‌లో ఎక్కువ భాగం రాండెవూ హాల్లో జనం ముందు వాయించిందే. అట్ట మీద బొమ్మలో డేల్ అల మీద ఉంటాడు. మొత్తం 12 ట్రాక్‌లు. 1961లోనే సింగిల్‌గా వచ్చి, సర్ఫ్ రాక్‌కి మొదటి పాటల్లో ఒకటనిపించుకున్న లెట్స్ గో ట్రిప్పిన్ ఇందులో ఉంది. మిసర్లూ ట్విస్ట్ ఉంది. సర్ఫ్ బీట్ ఉంది. డెత్ ఆఫ్ ఎ గ్రెమ్మీ అని ఇంకోటి. గ్రెమ్మీ అంటే సర్ఫింగ్‌లో ఇంకా ఓనమాలు దిద్దుకుంటున్న కుర్రాడు. ఇవి కాక డేల్ గొంతెత్తి పాడిన పాటలు కూడా ఉన్నాయి. బహామాస్ జానపద గీతం స్లూప్ జాన్ బీ వాటిలో ఒకటి.

మొదటిసారి వినేవాళ్ళకి ఒక ఆశ్చర్యం. సర్ఫ్ రాక్ అనగానే అందరికీ గుర్తొచ్చే 'తడి' సౌండ్, నూతిలోకి అరిచినట్టు వెనక నుంచి మోగే రివర్బ్, ఇందులో గిటార్ మీద దాదాపు వినపడదు. ఆ సౌండ్ స్ప్రింగుల నుంచి వస్తుంది. గిటార్ సిగ్నల్‌తో ఒక చివర స్ప్రింగుని వణికిస్తారు. ఆ వణుకు స్ప్రింగు వెంట పరిగెత్తి, అటు చివర కొట్టుకుని, మళ్ళీ వెనక్కొచ్చి, ఇలా చాలాసార్లు తిరుగుతుంది. రెండో చివర దాన్ని తిరిగి కరెంటుగా మార్చి అసలు సిగ్నల్‌లో కలుపుతారు. హామండ్ ఆర్గాన్లలో ఉన్న ఈ పద్ధతిని ఫెండర్ 1961లో విడి పెట్టెగా తెచ్చాడు. డేల్ దాన్ని అడిగింది మొదట తన గొంతు కోసమట! గిటార్‌కి తగిలించి దాన్నే సర్ఫ్ రాక్ గుర్తుగా మార్చింది ఆ తర్వాత వచ్చిన రికార్డులు.

కాబట్టి మొదటి సర్ఫ్ ఆల్బమ్‌లో వినపడేది పొడి గిటార్, చెయ్యి వేగం, హాలు. అంతే. అందుకే నాకది ఇంకా ఇష్టం.

ఎవరు విన్నారు?

దక్షిణ కాలిఫోర్నియాలో రికార్డు వేడి వేడిగా అమ్ముడుపోయింది. అది చూసి క్యాపిటల్ అనే పెద్ద కంపెనీ దాన్ని తీసుకుని 1963లో దేశమంతా విడుదల చేసింది. బిల్‌బోర్డ్ ఆల్బమ్ చార్టులో 59వ స్థానం దాకా వెళ్ళింది. అదే ఏడాది డేల్ ఎడ్ సలివాన్ టీవీ షోలో కనిపించాడు. బీచ్ బాయ్స్ తమ సర్ఫిన్ యూఎస్ఏ ఆల్బమ్‌లో మిసర్లూ, లెట్స్ గో ట్రిప్పిన్ రెండూ వాయించారు. పైప్‌లైన్, వైప్ అవుట్ లాంటి సర్ఫ్ ట్యూన్లు దేశమంతా మోగాయి.

ఒకసారి పోల్చి చూడండి. తన ఊళ్ళో రాజు, దేశం మొత్తం మీద 59. ఎందుకలా? నాకు తోచింది చెప్తాను. రాండెవూకి వెళ్ళినవాళ్ళు ఆ సంగీతాన్ని చెవులతోనే కాదు, అరికాళ్ళతో, పక్కటెముకలతో విన్నారు. 100 వాట్ల ఆంప్ ముందు నిలబడితే జరిగేది అది. రికార్డు కొనుక్కుని ఇంట్లో చిన్న ప్లేయర్ మీద పెట్టుకున్న వాళ్ళకి అందులో ట్యూన్ మాత్రమే అందింది. డేల్ కూడా తన అసలు సౌండ్ రికార్డుల్లో సన్నబడిపోతోందని గొణుగుతూనే ఉండేవాడు. ఊళ్ళో వాళ్ళకి ఆ రికార్డు ఒక జ్ఞాపకం. వింటూ ఉంటే మిగతాది వాళ్ళే నింపుకున్నారు. మిగతా దేశానికి నింపుకోడానికి ఏమీ లేదు.

ఆ తర్వాత ఎక్కువ టైం లేదు. 1964 ఫిబ్రవరిలో బీటిల్స్ అదే ఎడ్ సలివాన్ షోకి వచ్చారు. వాళ్ళ రికార్డులు అమెరికాలో అమ్మింది కూడా అదే క్యాపిటల్ కంపెనీ. సర్ఫ్ గిటార్ అల వెనక్కి తగ్గింది. 1960ల మధ్యలో డేల్‌కి క్యాన్సర్ వచ్చింది, బతికి బయటపడ్డాడు. 1966లో రాండెవూ బాల్‌రూమ్ కాలిపోయింది. ఆ హాలు మోగిన తీరు ఇప్పుడు కొంచెమైనా మిగిలింది ఆ ఆల్బమ్‌లోనే.

1994లో క్వెంటిన్ టరంటినో పల్ప్ ఫిక్షన్ మొదట్లో టైటిల్స్ మీద మిసర్లూ పెట్టాడు. థియేటర్లో, పెద్ద స్పీకర్లలో, నిండిన హాల్లో! ముప్పై ఏళ్ళ తర్వాత ఆ ట్యూన్‌కి కావల్సిన సౌండ్ మళ్ళీ దొరికింది. ప్రపంచమంతా విన్నది అప్పుడే. డేల్ మళ్ళీ ఊరూరా తిరిగి వాయించాడు. అయితే కథ సుఖాంతం అనుకోకండి. డెబ్బై దాటాక కూడా స్టేజి ఎక్కడం మానలేకపోవడానికి ఒక కారణం వైద్యం ఖర్చులేనని ఆయనే చెప్పాడు. 2019 మార్చిలో, 81 ఏళ్ళ వయసులో చనిపోయాడు.

వినేవాళ్ళకి ఒక మాట

ఈ ఆల్బమ్‌ని ఫోన్ స్పీకర్లో వినకండి. అది 1963లో ఆ చిన్న ప్లేయర్లు చేసిన అన్యాయమే మళ్ళీ చేసినట్టు. మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, లేదా మ్యూజిక్ రూములో పెద్ద స్పీకర్లకి కలిపి, లెట్స్ గో ట్రిప్పిన్‌తో మొదలుపెట్టండి. మిసర్లూ వచ్చినప్పుడు మనసులో "స రి గ మ" అనుకుంటూ వినండి.

ఈ ఏడాది ఫెస్ట్‌కి మేం మిసర్లూ వాయిస్తున్నాం. సౌండ్ చెక్‌కి పాతికమంది జూనియర్లనైనా పిలిచి ముందు వరసల్లో నిలబెడదాం అనుకున్నాం. కనీసం పన్నెండు చదరపు మీటర్ల కిటికీ వస్తుంది. గిటార్ ఆంప్ ముందు మైక్ పెట్టమని ఆ సౌండ్ అన్నకి ముందే చెప్పాను. "ఇప్పుడు తెలివొచ్చింది" అని నవ్వాడు.

అమ్మకి ఫోన్ చేసి నా పాత సంగీతం నోట్‌బుక్ ఉందా అని అడిగాను. అటక మీద ఉందట, తీసి పెడతానంది. ఎందుకని అడిగితే రాక్ వాయించడానికి అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "మూడో కాలం ఎప్పుడూ తొందరపడి పాడేవాడివి. తాళం వెయ్యి ముందు" అంది.